ఎవరు రాశారో చూశావా?

"నెట్‌లో ముందు కనిపించిందల్లా నిజం కాదర్రా! ఎవరు రాశారు, రాస్తే వాళ్లకేంటి లాభం? అది చూడండి," అంది కంప్యూటర్ టీచర్. పొద్దుట్నుంచి ప్రతి క్లాసులోనూ ఇదే పాట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వెళ్లిపోయారు. చివరి కంప్యూటర్ దగ్గర ఒక అమ్మాయి మాత్రం లేవలేదు.

"నువ్వు వెళ్లవేమే తల్లీ?"

"ఇది చూడండి టీచర్. మా అమ్మ జబ్బు గురించి. ఈ పేజీలో నెల్లాళ్లలో నయమైపోతుందని ఉంది. ఇంకో దాంట్లోనేమో నయం కాదని ఉంది."

టీచర్ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి పక్క కుర్చీలో కూలబడింది. "మరి ఎవరు రాశారో చూశావా?"

"చూశాను. నయమవుతుందన్నవాడు ఆ కిందే మందు అమ్ముతున్నాడు. కాదన్నవాళ్లు ఆసుపత్రి డాక్టర్లు. వాళ్లు అమ్మేదేం లేదు." అమ్మాయి టీచర్ వైపు తిరిగింది. "మీరు చెప్పినట్టే చూశాను టీచర్. ఎక్కడైనా తప్పు చేశానా?"

ఏడాది పొడుగునా మొత్తుకుంటే ఒక్కరికి వంటబట్టింది.

టీచర్ మౌస్ అందుకుని, ఆ పిల్ల చేసినదాంట్లో తప్పు కోసం మొదటి నుంచీ వెతకడం మొదలుపెట్టింది.