చిన్నోడు

కొలిచే టేపు చాలక అటవీ అధికారి బూరుగు చెట్టు మొదట్లోనే ఆగిపోయాడు. నేలలోంచి గోడల్లా లేచిన ఆ వేళ్ల మధ్య నిలబడితే మనిషి తల కూడా బయటికి కనిపించదు. దీనికి ఎన్నేళ్లుంటాయని అడిగాడు.

కాలనీ అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే అరగంట గంగలో కలిసినట్టేనని కాలనీలో అందరికీ తెలుసు.

"నాలుగొందలు. అదీ తగ్గించి చెప్తున్నా. నాకు ఊహ తెలిసేసరికే ఇది మా డాబాను దాటేసింది."

రోడ్డు వెడల్పు చేయడానికి ఈ చెట్టు అడ్డం. నూరేళ్లు దాటిందని తేలితే రోడ్డే పక్కకు జరుగుతుంది. తేలకపోతే మర్నాడే రంపం. అందుకని అధ్యక్షుడు కొన్నాళ్లుగా చెట్టుకు చరిత్ర అల్లుతున్నాడు. పూర్వం రాజులు దీని కిందే తీర్పులు చెప్పారట. తొర్రలో పూర్వీకుల ఆత్మలు కాపురముంటాయట. రాత్రిళ్లు పూల తేనెకు వచ్చే గబ్బిలాలు ఆ ఆత్మలేనట. కాలనీవాళ్లు నోళ్లు తెరుచుకుని విని, తలా ఒక రాజును కలిపారు. ఇంతకీ ఆయనకు చెట్టు మీద ఎంత ప్రేమో, దాని కింద పెట్టబోయే శిలాఫలకం మీద తన పేరు ఎంత పెద్దగా పడుతుందని పదే పదే అడగడంలోనే తెలిసిపోయింది.

ఆయనకున్న చిక్కల్లా కన్నతల్లితోనే. ఆవిడకు ఆ చెట్టంటే ప్రాణం. రాలిన కాయలు ఏరుకుంటూ దాన్ని "చిన్నోడా" అని పిలుస్తుంది, మాను ముళ్లు గుచ్చుకుంటే చెడామడా తిడుతుంది. అంతటి మహావృక్షాన్ని పట్టుకుని చిన్నోడేమిటి, నలుగురిలో నవ్వులపాలు కావడం కాకపోతే అని కొడుకు విసుక్కునేవాడు. ఆ ఉదయం కూడా గట్టిగా చెప్పాడు.

"నీకేం తెలుసని మాట్లాడతావమ్మా? దిండ్లు కుట్టుకుంటూ లోపల కూర్చో."

ఆవిడ కూర్చోలేదు. కోడలి చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. కోసి చూస్తే గానీ వయసు తేలదు, కోశాక కాపాడడానికి చెట్టు మిగలదు. అధికారికి రాజుల కథలు విని విని తలనొప్పి వచ్చింది. అక్కడున్నవాళ్లలో పెద్దావిడ మాటే రాసుకుంటానని తేల్చేశాడు.

"మీరు కాపురానికి వచ్చేటప్పటికి ఈ చెట్టు ఉందా అమ్మా?"

అధ్యక్షుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ ఒక వేరు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఉంది బాబూ. ఇప్పుడెలా ఉందో అప్పుడూ అంతే."

అధికారి రాసుకుని వెళ్లిపోయాడు. చప్పట్లు మోగాయి. అమ్మకు రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పించానని అధ్యక్షుడు అక్కడికక్కడే చెప్పుకున్నాడు. వినేవాళ్లుంటే ఆయనకు సిగ్గనేది గుర్తుకు రాదు.

సాయంత్రం అత్తాకోడళ్లు వరండాలో కూర్చుని దిండులో బూరుగు దూది కూరుతున్నారు. కోడలు ఉండబట్టలేకపోయింది.

"అత్తయ్యా, నిజంగా అది అంత పాతదా?"

అత్తగారు దూదిలో దాగిన నల్లటి గింజనొకదాన్ని వేలితో తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"నీ మొగుడు పాకే వయసులో చింపిన దిండు దులిపితే మొలిచింది."