వణికే దారం

పగలు కూడా పొగమంచు వీడని ఒక మడుగు ఉండేది. దాని చుట్టూ కొంగలు కాపలా ఉండేవి. పురుగులు దొరికే గట్టు మీదికి వెళ్లిన కప్ప తిరిగి వచ్చేది కాదు. బెకబెకమన్న కప్ప మీద కొంగ ముక్కు పడేది. కప్పలకు మిగిలింది సాలీడవ్వ కట్టిన దారం ఒక్కటే. దాన్ని ఇటు మీటితే, అటు చెరువులో ఉన్న బాతులకు కబురు అందేది.

ఒకనాడు కొంగలు ఆ దారాన్నీ తెంపేశాయి.

"పిల్లలు పస్తులున్నారు దొరా. దారమైనా ఉండనివ్వండి," అంది తుంగమ్మ అనే కప్ప.

"దారం తింటారా ఏమిటి? బోలెడు నాచుంది, తినండి," అంది పెద్ద కొంగ. తర్వాత బాతుల దగ్గరికి వెళ్లి, "లోపలంతా ప్రశాంతం. చిన్న చప్పుడైనా వినిపిస్తోందా?" అంది.

బాతులు విన్నాయి. ఏమీ వినిపించలేదు.

సాలీడవ్వ మెల్లగా ఒక తుంగపోచ కొసకు పాకింది.

"ఈ నీళ్లెలా దాటుతావు అవ్వా?" అంది తుంగమ్మ.

"నేను దాటను తల్లీ. కొత్త దారం గాలికి వదిలి కూర్చుంటాను. మా పని అంతే."

దారం మంచులో కలలా తేలిపోయింది. కొంగలు నీళ్లనే చూస్తున్నాయి. తుంగమ్మ పిల్లలకు మీటే ఓపిక లేదు, దారాన్ని ఊరికే పట్టుకున్నారు.

అవతల ఒక ముసలి బాతు రెక్కకు ఏదో చుట్టుకుంది. బాతు అక్కడే ఉన్న పెద్ద కొంగ వైపు తిరిగింది.

"అంతా ప్రశాంతమన్నావు. మరి ఈ దారం ఎందుకు వణుకుతోంది?"