మొద్దుతో సహా

చెట్టు కొట్టడానికి వచ్చిన మూడో మనిషి కూడా మెషిన్ కింద పెట్టేశాడు.

పేరు జలపతి. కోరుట్ల నుంచి వచ్చాడు. తాతలు తాటిచెట్లెక్కి బతికినవాళ్లు. ఇతను చెట్టెక్కే తాత మోకుతో పాటు రంపం మెషిన్, ట్రాక్టరు కూడా పెట్టుకున్నాడు. ఎంత చెట్టయినా పక్కింటి పెంకు కదలకుండా దించుతాడని పేరు. ఫోన్లో అన్నిటికీ సరేనన్నాడు. తీరా మేడిపల్లి వచ్చి, ఐలవ్వ వాకిట్లో వేపచెట్టు చుట్టూ ఒకసారి తిరిగేసరికి మొహం మారిపోయింది.

మొదలంతా పసుపు. దాని మీద కుంకుమ బొట్లు, నడుముకు ఎర్ర గుడ్డ. పక్కన నిమ్మకాయలు గుచ్చిన త్రిశూలం.

"పోచమ్మ చెట్టని చెప్పకపోతివి గదా అవ్వా."

"చెట్టని చెప్పిన. చెట్టే గదా" అంది ఐలవ్వ.

మొదట జగిత్యాల నుంచి చాంద్ పాషా వచ్చాడు. "నేను కొడితే కథ వేరే అయితది అమ్మా, నన్ను ఇడిసిపెట్టు" అని మర్యాదగా వెళ్లిపోయాడు. సిరిసిల్ల నుంచి వచ్చినాయన అదీ చెప్పలేదు. చెట్టు కొట్టమంటే కొబ్బరికాయ కొట్టి పోయాడు.

ఐలవ్వకు వేరే దారి లేదు. మొన్నటి గాలివానకు ఈ చెట్టు కొమ్మ విరిగి రేకుల షెడ్డు మీద పడింది. ఆ షెడ్డులోనే ఆమె బిడ్డ వసంత రోజంతా కూర్చుని బీడీలు చేస్తుంది. ఆ పూట తునికాకు తడుస్తుందని లోపల పెట్టడానికి లేచింది కాబట్టి బతికింది. ఆమె ఒళ్లో ఉండాల్సిన చాట నుజ్జునుజ్జయింది.

జలపతి గొడ్డలి వెనకవైపుతో మొదలును తట్టి చూశాడు. డప్పులా మోగింది.

"లోపలంత బోలే. గీ వానకాలం ఆగది గిది" అని ఒప్పుకున్నాడు. "ఒక పని జేద్దాం. కొమ్మలు దించుత. మొద్దు ఉండనియ్యి."

"మొద్దుతో సహా పోవాలె. వేర్లు గోడ కిందికి అచ్చినయ్. మొద్దు ఉంచితే మల్ల చిగురేస్తది. ఇంకో గుడ్డ కడుతరు."

అప్పటికే వాడకట్టంతా పోగైంది. ముందు నిలబడ్డది సాయన్న. ఏటా ఈ చెట్టు దగ్గర బోనాలు చేయించే కమిటీకి పెద్ద.

"స్వయంగ వెలిసిన తల్లి ఐలవ్వా. మా పిల్లల పుట్టెంటికలు గీడనే తీసినం. గొడ్డలి వడితే ఊరికే అరిష్టం."

"చెట్టు వడితే నా ఇంటికి అరిష్టం. అనుమతి కాగితం తెచ్చుకున్న, సూస్తవా?"

"తల్లికి కాగితమేంది?"

"గా తల్లి కొమ్మ ఇరిగిననాడు రేకుల కింద నీ బిడ్డ లేదు గదా. నీకేం తెలుస్తది."

వెనక ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఐలవ్వ సంగతి ఊరికి కొత్త కాదు. మొగుడు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయినప్పటి నుంచి దేవుళ్ల మీద అలిగిందని అందరూ అనుకునేదే. వాకిట్లోనే పోచమ్మ ఉన్నా ఒక్క ఏడాది బోనమెత్తలేదు.

సాయన్న గొంతు తగ్గించాడు. "రేపు నీ బిడ్డకు ఏమన్నయితే?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గడపలో నిలబడ్డ వసంత ద్వారబంధం పట్టుకుంది. "అద్దులే అవ్వా. షెడ్డు జరుపుకుందాం."

"ఏడికి జరుపుతవ్? రోడ్డు మీదికా?"

ఐలవ్వ కొంగు నడుముకు చెక్కుకుంది. లోపలికి పోయి బిందెడు నీళ్లు తెచ్చింది. చెట్టు మొదలు మీద గుమ్మరించి, చేత్తో పసుపు రుద్ది కడగడం మొదలుపెట్టింది. ఎవరో కళ్లు మూసుకున్నారు. ఎవరో లెంపలేసుకున్నారు. ఆమె ఎర్ర గుడ్డ విప్పి మడతపెట్టింది. త్రిశూలం ఒక పట్టాన రాలేదు. అటూ ఇటూ ఊపి పెరికి గోడకు ఆనించింది.

"ఇగో, తల్లిని దించిన. కోపమస్తే నన్నే పట్టుమనుండ్రి. ఈడనే నిలవడ్డ."

నిజంగానే నిలబడింది. అరవై ఏళ్ల మనిషి, తడిసిన చీరతో, నడుం మీద చేతులు పెట్టుకుని. ఊరంతా ఆమె వంకే చూస్తూ నిలబడింది. ఏమవుతుందా అని చూసింది. ఏమీ కాలేదు. ఎవరిదో మేక వచ్చి, కింద పడ్డ బంతిపూల దండ తీరిగ్గా నమిలి పోయింది.

"పాపం మూటగట్టుకుంటున్నవ్" అని సాయన్న చెప్పులు వేసుకున్నాడు. వెనక నలుగురు కదిలారు. తర్వాత పది మంది. ఆమెను ఆపడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

జలపతి మెషిన్ చేతిలోకి తీసుకున్నాడు. తాడు లాగబోయి ఆగాడు.

"అవ్వా, కొడుత. మొద్దు గూడ తీస్త. గని ఒక్కటి జెప్పు. గింత ధైర్యం నీకు ఏడికెల్లి అచ్చింది? తల్లంటే నీకు జరంతన్న భయం లేదా?"

ఐలవ్వ ఒకసారి గడప వైపు చూసింది. వసంతకు వినపడకుండా దగ్గరికి జరిగింది.

"ఇరువై ఐదేండ్ల కింద, మా వసంతకు ఉయ్యాల కట్టిన చెట్టును రోడ్డు ఏసెటోళ్లు కొట్టకుండ, కోడి కూయకముందే లేచి పసుపు రాసి, బొట్లు వెట్టి గీ తల్లిని ఈడ నిలవెట్టిందే నేను కొడుకా."