జానెడు లడ్డు

“చీర పట్టుకొని వచ్చినోళ్లు నిలవడే జాగ మేడం అది! గక్కడ గీ తొట్టి పెడితే నా గిరాకీ ఎట్ల?” అన్నాడు రాజనర్సయ్య.

అప్పటికే వాచ్‌మన్ అద్దాల తొట్టిని మ్యాచింగ్ సెంటర్ కౌంటరు మీద దించేశాడు. నీళ్లలో బెత్తెడు పొడుగున, పాలిపోయిన జీవి ఒకటి. నాలుగు కాళ్లు, తోక, మెడకు రెండు పక్కలా వాడిపోయిన ఎర్ర కుచ్చులు.

“బల్లా?”

“యాక్సలాటిల్ అండీ. నీళ్లలోనే బతుకుతుంది. మా అమ్మాయి మంజూష తెచ్చుకుంది, పేరు లడ్డు. పైన మా ఫ్లాటేమో పెనంలా కాలిపోతోంది. వీడికి చల్లగా ఉండాలి. ఏసీ రోజంతా తిరిగేది మీ షాపులోనే కదా,” అంది బిల్డింగు ఓనరు అరుణాదేవి.

“సచ్చిపోతే నన్ననద్దు మేడం.”

“చావనివ్వకండి. బాగా చూసుకుంటే దసరాకల్లా జానెడు అవుతాడట. మీ అగ్రిమెంటు కూడా దసరాకేగా అయిపోయేది? అదీ అప్పుడే తేల్చుకుందాం.”

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. రాజనర్సయ్య వ్యాపారి. మాటలో దాగిన బేరం పట్టుకోవడం అతనికొకరు నేర్పక్కర్లేదు. అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద చేజారిన షట్టరు మళ్లీ దొరకదు. ఇది జానెడు పెరిగితే షాపు ఉంటుంది, పెరక్కపోతే పోతుంది. లెక్క అంతే.

మొదట మరమరాలు వేశాడు. లడ్డు వాటివంక చూడనైనా చూడలేదు. పంజాగుట్టలో రంగు చేపలు అమ్మే భానుచందర్‌ని పిలుచుకొచ్చాడు.

“అన్నా, గిది మాంసం తినేది. వానపాములు పెట్టు. అడుగున గులకరాళ్లు తీసెయ్, మింగుతది. ఫిల్టర్ నీళ్లు గింత జోరుగ కొడితే దానికి పానం బాగుండదు. లైట్లు సుత పడయి.”

“లైట్లు లేకుంటే నేను రంగులెట్ల సూపియ్యాలె?”

“గది నీ ఫికర్ అన్నా. దానిది కాదు.”

రాళ్లు తీశాడు. జాకెట్లలో కుట్టే స్పాంజి కప్పు ఒకటి ఫిల్టర్ మూతికి కట్టి నీటి జోరు తగ్గించాడు. తొట్టి చుట్టూ నల్ల అస్తరు గుడ్డ కప్పాడు. అయినా అది మూలనే నక్కింది. కౌంటరు మీది లైట్లు ఆర్పాక గానీ వానపామును అందుకోలేదు.

అక్కడ పడింది పీటముడి. లైటు వేస్తే లడ్డు తినదు, ఆర్పితే గిరాకీ నిలవదు. జాకెట్ ముక్క రంగు చూసుకోవడానికి ఆడవాళ్లు రోడ్డు మీదికి వెళ్లేవారు. వెళ్లినవాళ్లలో సగం మంది పక్క షాపులో తేలేవారు. లోపల ఉన్నవాళ్లు చలికి కొంగు కప్పుకునేవారు. చీర ఫాల్స్ పెట్టే సొరుగులో వానపాముల డబ్బా చూసి ఒకావిడ పెట్టిన కేకకు మెట్రో కింది ఆటోవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నీళ్లు వేడెక్కేకొద్దీ లడ్డు తోక వంకర తిరిగింది, ఒక పక్కకు ఒరిగి పైకి తేలింది. రాజనర్సయ్య లస్సీ బండి దగ్గర ఐసు తెచ్చి, సీసాల్లో నింపి మూత బిగించి నీళ్లలో వదిలాడు. ఒకటి కరిగితే ఇంకొకటి. గిరాకీ పిలుస్తున్నా తల ఎత్తలేదు. కరెంటు వచ్చాక అది మెల్లగా అడుక్కి దిగింది.

ఆనాటి నుంచి అతను షాపు వదిలి కదల్లేదు. షట్టరు దించినా ఏసీ ఆపలేదు. పెళ్లిళ్లు మానేశాడు. బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి భార్య ప్రమోద ఒక్కతే పోయి వచ్చింది.

“జర సూస్కో, నీకు సుత తోక మొలుస్తది,” అందామె. “దాన్ని ఆమెకిచ్చిరా. షాపు పోతే మన ఊరు సిరిసిల్లకు పోదాం.”

“నువ్వు పో. నేను గీ తొట్టిల ఉన్న.”

వానలు పడేసరికి లడ్డు ఒళ్లు చేసింది. కుచ్చులు ఎర్రగా, దట్టంగా విచ్చుకున్నాయి. బతుకమ్మ గిరాకీ మొదలయ్యేనాటికి అద్దానికి టేపు ఆనించి చూస్తే జానెడు, పైన రెండు వేళ్లు.

దసరా ముందు తల్లీకూతుళ్లు దిగి వచ్చారు. మంజూష అద్దానికి ముఖం ఆనించి, “అమ్మా, ఎంత బాగా పెరిగాడో చూడు!” అని గంతేసింది.

రాజనర్సయ్య కౌంటరు తుడిచి అగ్రిమెంటు కాగితాలు పరిచాడు. “మీరు చెప్పినట్టే జానెడైండు మేడం. జర సంతకం...”

అరుణాదేవి పెన్ను అందుకోలేదు.

“ఇలాంటి జీవాల షాపు పెడతానని మంజూష ఎప్పట్నుంచో గొడవండీ. ఈ గదిలో అవి బతకవని నేను. సరే, ఒకదాన్ని పెట్టి చూద్దాం అనుకున్నాం. మీరు పెంచి చూపించారు. ఇక ఈ షాపు మా అమ్మాయికి ఇవ్వక తప్పదు.”

రాజనర్సయ్య పరిచిన కాగితాలు మడిచాడు. “ఒకవేళ గిది పెరగకపోతే ఏం జేస్తుంటిరి మేడం?”

“ఏముందండీ,” అందామె లడ్డు వంక మురిపెంగా చూస్తూ. “ఆ ఆలోచన మానేసి, మీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టేసేదాన్ని.”