గోడ మీద గాట్లు

ముసలాయన మేస్త్రి చేతిలోంచి సుత్తి లాగేసుకున్నాడు.

"ఆపరా! చెయ్యి విరిచేస్తాను!"

మేస్త్రి బిత్తరపోయాడు. లోపలి గోడకు ఒక చివర నుంచి గాట్లు పెట్టుకుంటూ వస్తున్నాడు. పాత సున్నానికి గాట్లు పెట్టకపోతే సిమెంటు పట్టదు. సగం గోడ అయింది, సగం మిగిలింది.

"అక్కా! ఎవడో ఇంట్లోకి దూరాడే!"

వెనకగదిలోంచి టైలరమ్మ కత్తెరతోనే వచ్చింది.

మిల్లు కార్మికుల లైనులో మిగిలిన ఒకే ఒక్క ఇల్లు ఆమెది. మొత్తం రెండు గదులు. మామగారు మిల్లులో పనిచేసిన రోజుల నుంచీ అద్దెకు ఉంటున్నారు. తక్కిన ముప్పై తొమ్మిది ఇళ్లనూ బిల్డరు ఒక్కొక్కటిగా నేలమట్టం చేశాడు. ఇదీ పోవలసిందే. ఇంతలో నోటీసు వచ్చింది. ఇల్లు పాతకాలపుదనీ, కాపాడాలనీ అర్జీ అందిందట. రేపు ఆఫీసరు వచ్చి చూసి తేలుస్తారట.

ఔనంటే ఆమె ఉంటుంది. కాదంటే వారంలో బుల్‌డోజరు.

అర్జీ పెట్టింది కౌన్సిలరేనని వీధంతా చెప్పుకుంది. కౌన్సిలరు కాదనలేదు.

"తలుపు కొట్టకుండా లోపలికొచ్చి పనివాడి మీద చెయ్యి చేసుకుంటావా? ఎవరు నువ్వు?"

"ఈ గోడ ముట్టుకోవద్దమ్మా. ఉన్నదున్నట్టు ఉండనివ్వు."

"చుట్టం వస్తుంటేనే ఇల్లు సర్దుకుంటాం. ఆఫీసరు వస్తుంటే ఈ పిచ్చిగీతలు చూపించమంటావా?"

గోడ నిండా మేకుతో గీసిన గీతలే. ఏడేసి గీతలకు ఒక అడ్డగీత. కాపురానికొచ్చిన నాటి నుంచీ వాటి మీద క్యాలెండర్లు వేలాడదీసి పరువు కాపాడుకుంటోంది ఆమె.

"పిచ్చిగీతలా అవి!" ముసలాయన గొంతు చిరిగేలా అరిచాడు. "మీవి కళ్లా, గుండీలా?"

"తాతా, నీ వయసు చూసి ఊరుకుంటున్నా," అన్నాడు మేస్త్రి.

"ఊరుకోకురా తమ్ముడూ. ఇప్పుడు గుర్తొచ్చింది నాకు." టైలరమ్మ కత్తెర చూపుడువేలులా ఎత్తింది. "మొన్న బిల్డరు కారులోంచి దిగింది నువ్వే కదూ?"

ముసలాయన సుత్తి నేల మీద పెట్టేశాడు.

"చూశావురా! ఇల్లు బాగుపడితే ఎక్కడ నిలబడిపోతుందోనని వీళ్ల కడుపుమంట. కూలిన కొంపలా కనబడాలి వాళ్లకి!"

"నేను వాడి తరఫున రాలేదు," అన్నాడు ముసలాయన. గొంతులో పస లేదు.

"మరి వాడి కారులో నీకేం పని? అద్దాలు తుడుస్తున్నావా?"

గుమ్మం ముందు పోగైనవాళ్లు గొల్లుమన్నారు. ముసలాయన వాళ్ల వైపు చూడనైనా చూడలేదు. వెళ్లి, మిగిలిన సగం గోడకు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు.

నలుగురు కలిసి ఈడ్చారు. గుమ్మం దాటించి తోస్తే కంకరలో మోకాళ్ల మీద పడ్డాడు.

"మీ నోట్లో మీరే మట్టి కొట్టుకుంటున్నారే!"

తరవాతి మాటలు సుత్తి దెబ్బల్లో కలిసిపోయాయి.

పంతం మీద పని పరుగెత్తింది. మధ్యాహ్నానికి గాట్లు, సాయంత్రానికి సిమెంటు. తెల్లారేసరికి గోడ పలకలా నున్నగా ఉంది.

పదింటికి ఆఫీసరమ్మ వచ్చింది. దూలాలు చూడలేదు, కిటికీలు చూడలేదు. సరాసరి లోపలికి నడిచింది.

"గీతలున్న గోడ ఏదమ్మా?"

"ఇదేనండీ. నిన్ననే బాగుచేయించాం."

ఆఫీసరమ్మ పచ్చి సిమెంటుకు అరచెయ్యి ఆనించింది.

"మిల్లులో సమ్మె నూటతొమ్మిది రోజులు నడిచిందట. ఆ రోజుల్ని ఆడవాళ్లు ఈ గోడ మీద లెక్కపెట్టుకున్నారు, రోజుకో గీత. అసలు సమ్మే జరగలేదన్నట్టు మిల్లువాళ్లు ఒక్క కాగితం మిగల్చలేదు. పాత ఇటుకలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చూడాల్సింది ఆ గీతలమ్మా."

"చెక్కేస్తానండీ," మేస్త్రి తాపీ అందుకున్నాడు. "ఇంకా పచ్చిగానే ఉంది."

"లోపల గాట్లు పెట్టావా?"

మేస్త్రి తాపీ కింద పెట్టాడు.

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. "ముందే చెప్పి చావచ్చుగా! అర్జీ పెట్టిన కౌన్సిలరుకి ఆ మాత్రం నోరు లేదా?"

"కౌన్సిలరా? కూల్చొచ్చన్న కాగితం మీద మొదటి సంతకం ఆయనదే."

"మరి పెట్టిందెవరు?"

"పదకొండేళ్లుగా పెడుతూనే ఉన్నారు ఒకాయన. నిన్న సాయంత్రం ఫోను చేసి, 'గోడ పోయిందండీ, ఇక మీరు రానక్కర్లేదు' అన్నారు. ఎవరి పని అంటే చెప్పలేదు. రూలు ప్రకారం నా కళ్లతో చూడాలని వచ్చాను."

ఆఫీసరమ్మ ఫైలు తెరిచి ఆమె చేతికిచ్చింది.

అర్జీదారు పుట్టిన చోటు దగ్గర ఈ ఇంటి నంబరే ఉంది. తల్లి దగ్గర 'మిల్లు కార్మికురాలు, ఆ గీతలు గీసిన మనిషి' అని ఉంది. ఎవరి మీద అర్జీ అన్నచోట బిల్డరు పేరు రాసి, ఆ పక్కన, అర్జీదారుకు ఏమవుతారు అన్నచోట, 'కుమారుడు' అని ఉంది.