ఖాళీ పటం

“ఈ గొంగడంత కోసెయ్యి. పిలగాడొక్కడే ఉండాలె.”

సుకుమారి పాత ఫొటోను బల్ల మీద పెట్టింది. సంగారెడ్డి బజారులో పటాలు కట్టే సంగప్ప కళ్లజోడు సవరించుకుని చూశాడు.

ఏడాది పిల్లవాడు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నిండా గొంగడి కప్పుకున్న మనిషి. మొహం కనబడదు. పిల్లవాడి నడుం మీద నాలుగు వేళ్లు మాత్రం కనబడుతున్నాయి.

“ఎవరమ్మా ఈమె?”

“ఎవరో పనిమనిషి. మిషన్ దొర ఫొటో తీస్తుంటే మా నాయనను కదలకుండ పట్టుకున్నది.”

“అరవై ఏండ్ల నాటిది. కోస్తే మల్ల రాదు బిడ్డా.”

“అది మా ఇంటోళ్ల గోడ. పనోళ్లకు జాగెక్కడిది? జల్దీ కానియ్యి, పటాన్‌చెరు బస్సు పోతది.”

సుకుమారి ఫ్యాక్టరీలో టైపిస్టు. ఆమె మాటకు ఆఫీసర్లే ఎదురు చెప్పరు, సంగప్ప ఎంత?

కోస్తూ కోస్తూ వేళ్ల దగ్గర ఆగాడు.

“ఇవి కోస్తే పిలగాని నడుము తెగుతది.”

“ఉండనీ. ఎవరు చూస్తరు?”

గొంగడి ముక్క జిగురు కాచే పొయ్యిలోకి పోయింది.

కొత్తింటి గోడ కోసం ఆర్నెల్లుగా, ఒక్క బీదరు తప్ప, సుకుమారి తిరగని ఊరు లేదు. చుట్టాల ట్రంకుపెట్టెలు తెరిపించింది, కథలు చెప్పించుకుంది. అందరి ఫొటోలూ దొరికాయి, నాయనమ్మ దయావతిది తప్ప.

“ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతదని మా అమ్మకు భయమంట. దిగనే లేదు” అన్నాడు తండ్రి బర్నబా. “నాకు రెండేండ్లు నిండకముందే పోయింది. బోర్డింగుల పెరిగిన. మొహమే ఎరుగను బిడ్డా.”

అందుకే ఒక పటంలో తెల్ల కాగితం పెట్టి, ఆమె పేరు మాత్రం రాసింది. రోజూ పొద్దున బర్నబా ముందుగా తుడిచేది ఆ అద్దాన్నే. అది చూసినప్పుడల్లా సుకుమారికి గుండె కలుక్కుమనేది.

కొత్తింటి ప్రార్థనకు బీదరు నుంచి మార్తమ్మ వచ్చింది. దయావతికి సొంత చెల్లెలు. బర్నబాను చూసి నలభై ఏళ్లయింది.

ముసలమ్మ పటాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, పిల్లవాడి పటం దగ్గర ఆగింది.

“గొంగడేదే?”

“కోపిచ్చిన అవ్వా. ఎవరో పనిమనిషి కదా అని...”

“పనిమనిషా?” మార్తమ్మ సుకుమారి వైపు తిరిగింది. “మనకు పనిమనిషి యాడిదే? దొర బంగ్లల పని చేసింది మనమే!”



“ఆ పొద్దు వీడు ఒక్కతీరుగ ఏడ్సిండు. ఎవ్వరెత్తుకున్నా నిలువలే. ఫొటో డబ్బా చూస్తేనే వణికే మా అక్క, మొహం కనబడకుండ కప్పుమన్నది. గొంగడి కప్పింది నేనే. ఆమె పట్టుకున్నంకనే వీడు ఊకున్నడు.”

 గొంగడి ముక్క సంగప్ప పొయ్యిలో బూడిదై నెల దాటింది.

బర్నబా లేచి పిల్లవాడి పటం దింపాడు. తన నడుం మీద మిగిలిన ఆ నాలుగు వేళ్ల మీద చేయి పెట్టి, ఎవరినీ అలా పిలిచి ఎరగని మనిషి, “అమ్మా” అన్నాడు.