సవోనా గంట

"నడు బావా, నీకోసం ఓడ ఆగుతుందా!" అంటూ మా ఆవిడ అన్న ఎజీదియో పెట్టె మోసుకుని ముందు నడిచాను. పొద్దుటినుంచీ సవోనా అంతా తిప్పింది నేనే, ఓడ తప్పితే మాట పడేదీ నేనే.

ఆరైంది. కూడలిలో, యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కొట్టే గంట మొదలైంది. బళ్ళు ఆగాయి, మనుషులు ఆగారు. నేను ఆగలేదు.

వెనక్కి తిరిగితే బావ టోపీ తీసి నిలబడి ఉన్నాడు.

"ఇరవయ్యొక్క దెబ్బలూ వింటావా? కొండ మీది మేకలవాడికి మా ఊరి గంటెందుకయ్యా!"

"మన ఇరవయ్యొక్క అక్షరాల్లో అక్షరానికో దెబ్బ, ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పోయినవాళ్ళ కోసమని పొద్దున నువ్వేగా చెప్పావు," అన్నాడు మెల్లగా. "మీ నాన్న విన్చెన్జోది ఇరవయ్యోదన్నావు. ఇంకా రాలేదు బావా."

పెట్టె దించి టోపీ తీశాను. అప్పటికి ఎన్ని మోగాయో నాకు తెలియదు. బావని అడగడానికి నోరు రాలేదు.